తెల్ల పరికిణి, గ్యాసు దీపము

విక్టోరియా రాణి ఇంకా సింహాసనము ఎక్కని రోజులలో, కెన్సింగ్టన్ రాజభవనములో 12, 13 ఏండ్ల బాలికగా పెరుగుతున్నప్పుడు, ఆమెతో ఆడుకొనే పిల్లలు తక్కువ. ఆ లోటును కొయ్యబొమ్మలతో తీర్చుకొనేది. జానెడు పొడుగైనా లేని చవుకరకపు బొమ్మలవి. వాటికి ఆమె, ఆమెను పెంచిన లేట్సెన్ దొరసాని కూర్చుండి బట్టలు కుట్టేవారు. మొత్తము 132 బొమ్మలు. వాటిలో 32 బొమ్మలకు రాకుమారియే స్వయముగా దుస్తులు తొడిగినది. రాచవారూ, రాచకన్నెలూ అటుంచి, ఆ బొమ్మలలో పలువురు ఆమె నాటకశాలలో చూచి వచ్చిన నర్తకులు. మరీ టాల్యోనీ అనే నాట్యకత్తె బొమ్మ కూడ అందులో ఉన్నది. వేలెడంత నడుమునకు పలుచని గుడ్డ కుచ్చిళ్లు పోసి కుట్టిన ఆ బాలిక, సుమారు 30 ఏండ్ల తరువాత, రాణిగా, ఇద్దరు రసాయనశాస్త్రజ్ఞులు చేసిన ఒక పరిశోధనకు తన రాజభవనపు చాకలిశాలనే ప్రయోగశాలగా ఇచ్చినది. వారు విచారించిన ప్రశ్న ఒక్కటే: ఆ పలుచని గుడ్డ మండకుండ చేయుట ఎట్లు?

బొమ్మకు కుట్టిన పరికిణి ఆ ప్రశ్న దాకా ఎందుకు పోయినదో ఈ ప్రసంగములో చెప్పదలచినాము. బాలే నృత్యచరిత్ర అంతా చెప్పుట మా ఉద్దేశము కాదు. ఆ నర్తకి ధరించిన ఉడుపు సంగతి, దాని మీద పడిన వెలుగు సంగతి, ఈ రెండే మా విషయము.

పరికిణి తెల్లబడక ముందు సంగతి రెండు మాటలలో చెప్పవచ్చును. 18వ శతాబ్దిలో నర్తకి కూడ రాజాస్థానపు స్త్రీవలెనే బరువైన జరీబట్టలతో, తుంటికి రెండు ప్రక్కలా బుట్టలు కట్టుకొని, మడమల జోళ్లతో ఆడేది. కమార్గో అనే ఆమె తన పాదాల పనితనము ప్రేక్షకులకు కనబడవలెనని పరికిణి అంచు కొంచెము పైకెత్తినది. 1734లో మరీ సాలే అనే ఫ్రెంచి నర్తకి లండను కావెంట్ గార్డెన్ రంగస్థలము మీద ఆ బుట్టలు తీసివేసి, సాదా మస్లిన్ అంగీతో, విరబోసిన జుట్టుతో ఆడినది. అది చూడడానికి జనము విరగబడినారని చరిత్ర. కాని ఒకరిద్దరి సాహసము వలన వేషము మారదు. దానికి ఇంకొక నూరేండ్లు పట్టినది.

1832 మార్చి 12వ తేదీన పారిస్ ఆపెరాలో 'లా సిల్ఫీడ్' అనే నృత్యనాటకము మొదటిసారి ఆడినారు. ఫిలిప్పో టాల్యోనీ తన కుమార్తె మరీ కోసమే దానిని కూర్చినాడు. కథ చిన్నది. స్కాట్లండు దేశపు పల్లెలో ఒక యువకునికి పెండ్లినాడు గాలిలో తేలే వనదేవత కనబడుతుంది. వాడు పెండ్లికూతురును విడిచి ఆమె వెంట పోతాడు. పట్టుకొన్న మరుక్షణము ఆమె రెక్కలు రాలి చనిపోతుంది. మనుష్యకాంతకు బరువున్నది, గాలికన్నెకు బరువు లేదు. ఆ భేదమును ప్రేక్షకుని కంటికి చూపించవలెను. మాటలు లేని కళలో దానిని చూపవలసినది దేహము, దేహము మీది గుడ్డ.

ఆ గుడ్డను గూర్చి కొంచెము నింపాదిగా చెప్పుకొందాము. యుజీన్ లామీ అనే చిత్రకారుడు రూపకల్పన చేసినట్లు చెప్పుకొనే ఆ ఉడుపులో పై భాగము భుజాలు కనబడే బిగుతు రవిక. తిమింగలపు ఎముక పుల్లలు వేసి, వీపున బొందులతో బిగించి కట్టేది. నడుము నుండి గంటవలె విప్పారి, మోకాలికీ చీలమండకూ నడుమ ఆగే తెల్లని పరికిణి. అది ఒక్క పరికిణి కాదు. పొర మీద పొర, పొర మీద పొర. వీపున రెండు చిన్న రెక్కలు. మెడలో ముత్యాలు, తలలో పూలదండ. కాళ్లకు దేహపు రంగులో అల్లిన బిగుతు మేజోళ్లు. పాదాలకు శాటిన్ గుడ్డతో కుట్టిన మెత్తని జోళ్లు, వాటిని చీలమండకు కట్టే నాడాలు. ఇంతకు మించి మరేమీ లేదు. ఆ తరువాత కాలములో బాలే నర్తకి అనగానే లోకము కంటికి తోచిన రూపము చాలవరకు ఆ రాత్రి ఏర్పడినదే.

పరికిణికి వాడిన గుడ్డ టార్లటాన్. అది మస్లిన్ జాతిది. సన్నని నూలుతో చాలా వదులుగా నేసి, గంజి పెట్టి బిరుసు చేస్తారు. ట్యూల్ అనే వలగుడ్డ కూడ వాడేవారు. మన ఇండ్లలోని దోమతెరను తలచుకొంటే శ్రోతలకు ట్యూల్ సులువుగా బోధపడుతుంది. పూర్వము ఆ వలను చేతితో అల్లేవారు గనుక దాని వెల శ్రీమంతులకే అందేది. 1808, 1809 సంవత్సరాలలో జాన్ హీత్‌కోట్ అనే ఇంగ్లీషువాడు దానిని అల్లే యంత్రమునకు హక్కుపత్రాలు పొందినాడు. మస్లిన్ విషయములోనూ అంతే. ఒకప్పుడు ఈస్టిండియా కంపెనీ ఓడలలో బంగాళము నుండి పోయిన మస్లిన్లు ఐరోపా స్త్రీలకు గొప్ప అపురూపము. విక్టోరియా కాలము నాటికి స్కాట్లండులోని గ్లాస్గో, పెయిస్లీ మగ్గాల నుండే ఆ పలుచని గుడ్డ గజాల కొద్దీ దిగుతున్నది. గుడ్డ చవుకైనది గనుకనే ఒక్క కథానాయికకే కాక వెనుక వరుసలో నిలిచే 30, 40 మంది పిల్లలకు కూడ పొరలు పొరలుగా తెల్ల పరికిణులు తొడగడానికి వీలైనది. గాలికన్నెల గుంపు అనే ఊహ కవులదే కావచ్చును, ఆ గుంపునకు బట్టలు అమర్చినది మాత్రము మర మగ్గము.

జోళ్ల మాట కూడ ఒకటి చెప్పవలసి ఉన్నది. కాలివ్రేళ్ల కొన మీద నిలిచి ఆడడము టాల్యోనీ కనిపెట్టినది కాదు. కాని దానిని గారడీ వలె కాక భావముగా చూపినది ఆమె. అప్పటి జోళ్లకు ముందుభాగములో గట్టి దిమ్మ లేదు. మెత్తని శాటిన్ జోటికి కొనయందూ అంచులయందూ దారముతో దట్టముగా కుట్లు వేసుకొని, ఆ కుట్ల ఆసరాతో, మిగిలినది పాదపు బలముతో నిలిచేవారు. ఆమె రష్యా విడిచి వచ్చేటప్పుడు అభిమానులు ఆమె జోళ్ల జతను 200 రూబుళ్లకు కొని, ఉడికించి, పులుసు పోసుకొని తిన్నారని ఒక కథ ఉన్నది. నమ్మడము, నమ్మకపోవడము శ్రోతల ఇష్టము.

విక్టోరియా 1837లో రాణి అయినది. ఆమె పాలనలో మొదటి 10 సంవత్సరాలు లండనులో ఈ నృత్యమునకు మంచి రోజులు. 1845 జూలై 12వ తేదీన హర్ మెజెస్టీస్ నాటకశాలలో టాల్యోనీ, గ్రీసీ, చెరీటో, గ్రాన్ అనే నలుగురు అగ్రశ్రేణి నర్తకులు ఒకే రంగస్థలము మీద కలిసి ఆడినారు. చివరి స్థానము గౌరవస్థానము గనుక అది ఎవరిదను తగాదా వచ్చినదట. అందరిలోనూ వయస్సున పెద్దవారిదే ఆ స్థానమని నాటకశాల యజమాని లమ్లీ తీర్పు చెప్పేసరికి, అంతదాకా కావాలన్నవారు వెనుకకు తగ్గినారట! రాణి, ఆమె భర్త ఆల్బర్టు మూడవ ప్రదర్శనము చూచినారు. ఆనాటి అచ్చు చిత్రాలలో ఆ నలుగురూ నేలను తాకీ తాకనట్లుగా ఉంటారు. పరికిణులు నురుగువలె ఉంటాయి.

ఇక్కడ మన దేశమునకు సంబంధించిన ముచ్చట ఒకటి చెప్పకుండ ఉండలేము. 1838లో పాండిచ్చేరి ప్రాంతపు దేవదాసీల మేళము ఒకటి పారిసుకు, అటుపిమ్మట లండను అడెల్ఫీ నాటకశాలకు పోయి ఆడినది. వారిలో అమ్మణి అనే ఆమెను గూర్చి థియోఫిల్ గోతియే అనే ఫ్రెంచి రచయిత పరవశించి వ్రాసినాడు. బార్ అనే శిల్పి ఆమె ప్రతిమను పోతపోసినాడు. వీరు ఒట్టికాళ్లతో, గజ్జెలతో, నగలతో నేలను తాటించి ఆడినవారు. అక్కడి ప్రేక్షకులో, అంతకు 8 ఏండ్లకు ముందే టాల్యోనీ 'బయదేర్' వేషము కట్టగా చూచి, హిందూదేశపు నర్తకి అంటే అదేనని నిశ్చయించుకొన్నవారు. నిజమైనవారు వచ్చి పోయినా ఆ నిశ్చయము పెద్దగా మారలేదు. 1877లో పీటర్స్‌బర్గులో పెటిపా కూర్చిన 'లా బయదేర్'లో మన దేవదాసీ, ఆమె ఛాయలు, అందరూ తెల్లని వలగుడ్డలోనే దిగివచ్చినారు. ఆ తెలుపునకు అంతటి మోహము ఉండేది.

ఆ మోహములో సగము పాలు దీపముది. డ్రూరీ లేన్ నాటకశాలకు 1817లో గ్యాసు దీపాలు వచ్చినవి. పారిస్ ఆపెరాకు 1822లో వచ్చినవి. కొవ్వొత్తికి, నూనెదీపమునకు లేని గుణము గ్యాసుకు ఒకటి ఉన్నది. ఒక చోట నిలిచి మర త్రిప్పితే నాటకశాల అంతటా వెలుగును పెంచవచ్చును, తగ్గించవచ్చును. అందుచేత వెన్నెల రాత్రి వచ్చినది, పొగమంచు వచ్చినది, చీకటి గుళ్లలో లేచే ప్రేతాలు వచ్చినవి. 1837లో కావెంట్ గార్డెనులో సున్నపుదీపము కూడ వెలిగినది. జలజని, ఆమ్లజని కలిసిన మంటలో సున్నపు ముద్దను కాల్చగా వచ్చే ఆ తెల్లని కాంతి ఒక్క నర్తకి మీదనే పడేటట్లు త్రిప్పవచ్చును. నీలి వెలుగులో తెల్ల టార్లటాన్ వెన్నెల ముక్కవలె కనబడేది. రంగురంగుల పట్టు అక్కడ పనికిరాదు.

అయితే గ్యాసు దీపమంటే గాజుబుడ్డిలో దాగిన దీపము కాదు. చేపతోకవలె విచ్చుకొని బయటకు నాలుక చాచే మంట. రంగస్థలపు ముందంచున అది ఒక వరుస. ప్రక్క తెరల వెనుక నిలువు గొట్టాలకు మెట్లు మెట్లుగా ఒక వరుస. నెత్తిమీద తెరల నడుమ అడ్డుగొట్టాలకు మరికొన్ని వరుసలు. పెద్ద నాటకశాలలో ఒక రాత్రికి ఇటువంటి నాలుకలు కొన్ని వందలు. వాటి నడుమ గంజి పెట్టిన గాలిపరికిణులతో పిల్లలు గిరగిర తిరిగేవారు.

నూలు ఎట్లాగూ మండేదే. ముతక దుప్పటికి నిప్పంటుకొంటే ముందు కమిలి, పొగ వచ్చి, తరువాత మండుతుంది. ఆర్పడానికి వ్యవధి దొరుకుతుంది. టార్లటాన్ సంగతి వేరు. పోగు సన్నము, పోగుకూ పోగుకూ నడుమ గాలి, పొరకూ పొరకూ నడుమ మరింత గాలి. క్రింది అంచుకు నిప్పు తగిలితే మంట పైకి, అంటే దేహము వైపునకే, ఎక్కుతుంది. భయపడి పరుగెత్తితే ఆ గాలికి మరింత రేగుతుంది. పొయ్యి ముందు పనిచేసే ప్రతి గృహిణికీ తెలిసిన శాస్త్రమే ఇది.

1844 డిసెంబరు 14వ తేదీ రాత్రి డ్రూరీ లేనులో 'రివోల్ట్ ఆఫ్ ది హారెమ్' అనే నృత్యనాటకము ఆడుతున్నారు. రెండవ అంకములో అంతఃపుర స్త్రీల స్నానఘట్టము. క్లారా వెబ్‌స్టర్ అనే 23 ఏండ్ల ఇంగ్లీషు నర్తకి అందులో ముఖ్యపాత్ర. ఆటలో చెలులు ఒకరి మీద ఒకరు నీళ్లు చల్లుకొంటున్నట్లు అభినయిస్తున్నారు. ఆమె పరికిణి దీపమునకు తగిలినది. మంటలతో ఆమె రంగస్థలము మీద పరుగెత్తినది. తోటి పిల్లలు దగ్గరకు పోవడానికి జంకినారు. వారి ఒంటి మీదిదీ ఆ గుడ్డయే కదా! చివరకు రంగస్థలపు వడ్రంగి ఒకడు మీదపడి ఆర్పినాడు. మూడు రోజులకు, 17వ తేదీన, ఆమె మరణించినది. విచారణ జరిపిన పెద్దమనుష్యులు ఇది ప్రమాదవశమున జరిగిన మరణమని తేల్చినారు. స్నానఘట్టమని పేరు పెట్టి, నీళ్ల ఆట ఆడుతున్నచోట ఆ అమ్మాయిని కాపాడడానికి చెంబెడు నీరు అందలేదు.

క్లారా పేరున్న నర్తకి గనుక ఆమె పేరు నిలిచినది. వెనుక వరుసలలోని పిల్లల మాట ఏమి? 'బాలే గర్ల్' అని పత్రికలు వేళాకోళముగా వ్రాసిన ఆ పిల్లలు చాలమంది లండను బీదకుటుంబాల వారు. పగలు సాధన, రాత్రి ప్రదర్శనము. జీతము స్వల్పము. ఆ కొంచెములోనే మేజోళ్లూ జోళ్లూ తమ డబ్బుతో కొనుక్కోవలెను. క్రిస్మసు పండుగకు ఆడే పాంటోమైములలో 'రూపాంతర దృశ్యము' అని ఒక ఘట్టము ఉండేది. ఒక తెర తరువాత ఒక తెర తొలగి దేవలోకము ప్రత్యక్షమవుతుంది. మేఘాల మీద, పూలరేకుల మీద దేవకన్యలు తేలుతుంటారు. నిజములో వారు ఇనుపకమ్ములకు నడుముతో కట్టబడి, గ్యాసు వరుసలకు పైన ఎత్తులో నిలిచి ఉండే పిల్లలు. నిప్పు పుడితే తమంతట తాము దిగివచ్చే దారి లేదు. ప్రేక్షకులు చప్పట్లు కొట్టే దృశ్యము అదే.

మండని గుడ్డ అసాధ్యమైన పనియా అంటే, కాదు. ఈ సంగతి తెలిసినప్పుడే మాకు చాల ఆశ్చర్యము కలిగినది. క్లారా వెబ్‌స్టర్ పుట్టిన సంవత్సరమే, అనగా 1821లోనే, ఫ్రెంచి రాజు 18వ లూయీ కోరిక మీద గే-లుస్సాక్ అనే ప్రసిద్ధ రసాయనజ్ఞుడు నాటకశాలల బట్టలను నిప్పు నుండి కాపాడే విధము పరిశోధించి ప్రకటించినాడు. నవసాగరము, వెలిగారము, అమ్మోనియం ఫాస్ఫేటు వంటి లవణాలను నీట కరగించి గుడ్డను ముంచి ఆరవేస్తే, నిప్పు తగిలినచోట మాడుతుందే కాని మంట ప్రాకదు. వీటిలో కొన్ని మన కంసాలి కొలిమి దగ్గర కనబడిన వస్తువులే. ఏ దూరదేశపు మూలికలూ కావు.

ఇంగ్లండులో 1859, 1860 ప్రాంతమున వెర్స్‌మన్, ఓపెన్‌హైమ్ అనే ఇద్దరు రసాయనజ్ఞులు ఈ పని మీద కూర్చున్నారు. అనేక లవణాలను ఒక్కొక్కటిగా పరీక్షించినారు. చాలవాటిలో ఏదో ఒక చిక్కు. ఒకటి గుడ్డను పాడుచేస్తుంది; ఒకటి తేమ పీల్చి గుడ్డను అంటుకొనేటట్లు చేస్తుంది; ఒకటి బాగుగానే ఉంటుంది కాని ఇస్త్రీపెట్టె తగలగానే చెడుతుంది. రాణిగారి చాకలిశాలలోనే ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చేసి చూచినారు. ఇస్త్రీ కావలసిన సన్నబట్టలకు సోడియం టంగ్‌స్టేటు మేలని, ఇస్త్రీ అవసరము లేని వాటికి అమ్మోనియం సల్ఫేటు చాలునని తేల్చినారు. గంజిలో కలిపి పెట్టుకొంటే చాలు. అయినా ఇండ్లలో అది పెద్దగా వాడుకలోనికి రాలేదు. ప్రతి ఉతుకుకూ మరల పెట్టవలెను. ప్రతిసారీ కొంచెము ఖర్చు. ఆపద రానంతవరకు ఆ ఖర్చు వృథాగానే కనబడుతుంది.

అది క్రినోలిన్ కాలము కూడ. 1856 నుండి ఉక్కుతీగల పంజరాల మీద గజాల వెడల్పున పరచిన పరికిణులతో ఇంటి ఆడవారు పొయ్యిగూళ్ల ప్రక్కన తిరుగుతుండేవారు. రంగస్థలపు ఆపద ఇంటి చావడిలోనికి వచ్చినది. 1861 జూలైలో అమెరికను కవి లాంగ్‌ఫెలో భార్య ఇంట్లోనే బట్టలంటుకొని మరణించినది. 1867లో వియన్నా రాజకుటుంబపు కన్య మటిల్డే, 18 ఏండ్లది, అట్లే పోయినది. 1871లో ఆస్కార్ వైల్డు సవతి చెల్లెండ్రు కాదు, అక్కలు, ఇద్దరు ఐర్లండులో ఒక విందురాత్రి ఒకరి బట్టలంటుకోగా కాపాడబోయి రెండవవారూ కాలి, ఇద్దరూ మరణించినారు. రాణి తన బిడ్డలను తలచుకొని కూడ ఆ పరిశోధనకు తన ఇంటి తలుపు తెరచి ఉండవచ్చునని మా ఊహ.

నాటకశాలలో మాత్రము ఒక్కరితో పోయేది కాదు. 1861 సెప్టెంబరు 14న అమెరికాలో ఫిలడెల్ఫియా నగరపు కాంటినెంటల్ నాటకశాలలో షేక్స్పియరు 'టెంపెస్ట్' ఆడుతుండగా, పైఅంతస్తు అలంకరణగదిలో ఒక అమ్మాయి వేషము మార్చుకొంటూ గ్యాసుమంటకు తగిలినది. ఆమె గేల్ సోదరీమణులు అనే పేరుపొందిన ఇంగ్లీషు నర్తకులలో ఒకతె. కాపాడబోయిన అక్కచెల్లెండ్రకు, వారి నుండి తక్కిన పిల్లలకు నిప్పు ప్రాకినది. కొందరు కిటికీల నుండి వీధిలోనికి దూకినారు. కనీసము 6 గురు మరణించినారు.

ఇక ఎమ్మా లివ్రీ కథ. ఇది ఫ్రాన్సు దేశపుది. కాని టాల్యోనీతో మొదలైన కథకు ఇదే అసలైన కొనసాగింపు. 1858లో 16 ఏండ్ల వయస్సున ఎమ్మా పారిస్ ఆపెరాలో 'లా సిల్ఫీడ్' వేషమే కట్టి మొదటిసారి ఆడినది. ఇటలీలో విశ్రాంతిగా ఉన్న టాల్యోనీ ఆ వార్త విని పారిసుకు వచ్చి, ఆ పిల్లలో తన్ను తాను చూచుకొని, శిష్యురాలిగా స్వీకరించినది. ఆమె కోసము 'లె పపియోఁ', అంటే సీతాకోకచిలుక, అనే నృత్యనాటకము కూర్చినది. సంగీతము ఓఫెన్‌బాక్ సమకూర్చినాడు. 1860 నవంబరు 26న అది మొదటిసారి ఆడినది. అందులో కథానాయిక సీతాకోకచిలుకగా మారుతుంది. దివిటీ వెలుగుకు ఆశపడి దగ్గరకు పోగా రెక్కలు కాలిపోతాయి.

అప్పటికి ఏడాది ముందే, 1859 నవంబరు 27న, నాటకశాలల తెరలకు, వేషాలకు కార్తెరోన్ అనే రసాయనజ్ఞుని ద్రావకము పెట్టి తీరవలెనని ఫ్రెంచి ప్రభుత్వము శాసనము చేసి ఉన్నది. ఆ ద్రావకములో ముంచిన టార్లటాన్ బిరుసెక్కి, మాసినట్లుగా కనబడేది. గాలికి లేచేది కాదు. నర్తకులకు అది గిట్టలేదు. 1860 మేలో ఎమ్మా ఆపెరా అధికారికి ఉత్తరము వ్రాసినది. కొత్త నాటకాల మొదటి ప్రదర్శనలన్నిటికీ తన మామూలు పరికిణితోనే ఆడుతానని, దాని వలన ఏమి జరిగినా బాధ్యత తనదేనని దాని సారాంశము. అధికారులు ఆ ఉత్తరమును దాచుకొన్నారు, ఆ అమ్మాయిని ఆడనిచ్చినారు.

1862 నవంబరు 15న 'లా ముయెట్ ద పోర్టిచీ' అనే సంగీతనాటకపు అభ్యాసము జరుగుతున్నది. అందులో ఎమ్మాది మూగపిల్ల వేషము. తన వంతు కోసము ప్రక్కన వేచి ఉన్నది. కూర్చొనేముందు గంజిపెట్టిన పరికిణి నలిగిపోకుండ రెండు చేతులా ఎత్తి విదిలించినదని, ఆ విసురుకు దగ్గరనున్న గ్యాసుమంట లేచి అంటుకొన్నదని చెబుతారు. మంటలతోనే రంగస్థలము అడ్డముగా పరుగెత్తినది. నాటకశాల అగ్నిరక్షకుడు కంబళి కప్పి ఆర్పినాడు. ఆమె 8 నెలలు బ్రతికి, 1863 జూలై 26న, ఇంకా 21 ఏండ్లు నిండకుండానే మరణించినది. ఆ ద్రావకపు పరికిణులలో ఆపద తక్కువే కాని, మరల రంగస్థలము ఎక్కితే తాను మాత్రము వాటిని కట్టనని, అవి అంత వికారముగా ఉంటాయని, మంచము మీద నుండి కూడ అన్నదట. శవయాత్ర వెంట తెల్లని సీతాకోకచిలుకలు ఎగిరినవని గోతియే వ్రాసినాడు. కాలగా మిగిలిన ఆమె ఉడుపు తునకలను పారిస్ ఆపెరా మ్యూజియము వారు భద్రపరచినారు.

ఎమ్మాను తప్పుపట్టడము సులభము. మాకు అది న్యాయముగా తోచదు. బరువు లేని కన్యగా కనబడడమే ఆమె వృత్తి. ఆ గుడ్డ బిగుసుకొంటే వృత్తియే పోతుంది. 17 ఏండ్ల పిల్ల తన కళ కోసము మొండిపట్టు పట్టినప్పుడు, శాసనము చేతిలో ఉన్న పెద్దలు ఆ ఉత్తరము చాటున నిలువకుండ ఉండవలసినది. గుడ్డను పాడుచేయని మందు కోసమో, మంటకు గాజు తొడుగు కోసమో కొంచెము డబ్బు పెట్టినా సరిపోయేది. లండనులో 1863 జనవరిలో ప్రిన్సెస్ నాటకశాలలోనూ ఇటువంటి ప్రమాదమే జరిగిన పిమ్మట, మరుసటి ఏడు నాటకశాలల మీద అధికారమున్న లార్డ్ చేంబర్లెన్ నిబంధనలు చేసినాడు. మంటలకు తీగవలల కంచెలు కట్టవలెను, తడి కంబళ్లు అందుబాటులో ఉంచవలెను. తడి కంబళి! గే-లుస్సాక్ పరిశోధన వెలువడి అప్పటికి 43 ఏండ్లు.

పరికిణి మాత్రము తన దారిన తాను మారుతూనే వచ్చినది. అభ్యాసములో పిల్లలు కట్టిన మస్లిన్ పరికిణి ఎట్లుండేదో డెగా చిత్రాలలో చూడవచ్చును. 1881లో అతడు ప్రదర్శించిన 14 ఏండ్ల నర్తకి మైనపు బొమ్మకు నిజమైన రవిక, నిజమైన పరికిణి, నిజమైన జోళ్లు తొడిగినాడు. బొమ్మకు గుడ్డ తొడుగుట శిల్పమా అని పారిస్ విమర్శకులు విసుక్కొన్నారు. ఆ దశాబ్దములోనే ఇటలీ నుండి కొత్తరకము నర్తకులు బయలుదేరినారు. జోటికొనలో దిమ్మ గట్టిపడినది. వ్రేలికొన మీద ఎక్కువసేపు నిలిచి గిరగిర తిరగడము సాధ్యమైనది. పియెరీనా లెన్యానీ 1893లో పీటర్స్‌బర్గులో నిలిచినచోటనే 32 మారులు తిరిగి చూపినది. అంత పని చేసే కాలు కనబడవలెను గదా! 1885లో వర్జీనియా జుక్కీ అక్కడికే వచ్చి, పొడుగు పరికిణి తనకు పనికిరాదని పట్టుపట్టి కురచచేయించుకొన్నది. గంట ఆకారము పోయి, మోకాళ్ల పైకి ఎక్కి, క్రమముగా నడుము చుట్టూ పళ్లెమువలె నిలిచినది. 'టూటూ' అనే పేరు కూడ ఆ రోజులలోనే వాడుకకు వచ్చినది. లండనులో ఈ వేషాలన్నీ అల్హంబ్రా, ఎంపైర్ అనే వినోదశాలలలో చేరినవి. ఎంపైర్‌లో కాటీ లానర్ నృత్యము కూర్చగా, విల్హెల్మ్ అనే పేరుతో పనిచేసిన ఇంగ్లీషువాడు వేషాలు రచించేవాడు. పువ్వులు, పక్షులు, పురుగులు, అన్నీ ఆయన చేతిలో ఉడుపులైనవి.

గుడ్డ మారలేదు. దీపము మారినది.

1881 డిసెంబరు 8న వియన్నాలోని రింగ్ నాటకశాల గ్యాసు వలన అంటుకొని కాలిపోయినది. కొన్ని వందల మంది ప్రాణాలు పోయినవి. సరిగా 20 రోజులకు, 28వ తేదీన, లండనులో రిచర్డ్ డాయ్‌లీ కార్ట్ తన సవాయ్ నాటకశాలలో రంగస్థలమునకు కూడ విద్యుద్దీపాలు వెలిగించినాడు. నాటకశాల మొత్తము మీద స్వాన్ కనిపెట్టిన బుడ్డిదీపాలు సుమారు 1,200. కొత్త వెలుగును చూడవచ్చిన జనమునకు వియన్నా వార్త ఇంకా చెవులలో ఉన్నది. కార్ట్ స్వయముగా రంగస్థలము మీదికి వచ్చి, వెలుగుతున్న ఒక బుడ్డిదీపమును చేతబట్టి, దాని చుట్టూ సులువుగా మండే మస్లిన్ గుడ్డ చుట్టి, అందరూ చూస్తుండగా పగులగొట్టినాడు. దీపము ఆరిపోయినది. గుడ్డను విప్పి చూపినాడు. ఎక్కడా మాడిన మచ్చ లేదు.

మరుసటి సంవత్సరము నవంబరు 25న అదే రంగస్థలము మీద 'అయొలాంథీ' అనే హాస్యసంగీతనాటకము ఆడినారు. అందులో దేవకన్యలు వచ్చినారు; పలుచని బట్టలే కట్టుకొన్నారు. ప్రధానమైన కన్యల జుట్టులో చిన్న విద్యుద్దీపాలు నక్షత్రాలవలె వెలిగినవి. వాటికి కావలసిన చిన్న బ్యాటరీలను వారు వీపున కట్టుకొని ఆడినారు.